శాఖల డేటా అంతా కలిపేస్తే మనకు మేలేనా?

అరండల్‌పేట మాస్టారు (గుంటూరు):
2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. తాగే నీళ్లు కలుషితం కావడం వల్ల. అలాంటప్పుడు ఆసుపత్రిలో చేరినవాళ్ల చిరునామాలు వైద్యశాఖ దగ్గర ఉంటాయి. నీళ్లు రంగు మారాయన్న ఫిర్యాదులు, మురుగు కాలవ పక్కనుంచి పోయే పైపుల వివరాలు కార్పొరేషన్ దగ్గర ఉంటాయి. ఈ రెండింటినీ ఏ రోజుకారోజు పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి నాలుగైదు కేసులకే ఏ వీధి కుళాయి ఆపాలో తెలిసిపోతుంది.

అందుకే ఆరోగ్యం, నీళ్లు, బడి, రేషన్, కరెంటు, అన్ని శాఖల డేటా కలపాలంటాను. మన రాష్ట్రంలో పునాది ఎప్పుడో పడింది. 2016లో ఇంటింటికీ తిరిగి ప్రజా సాధికార సర్వే చేశారు, తర్వాత శాఖల సమాచారాన్ని ఒకచోట చూసే ఆర్టీజీఎస్ (రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ) వచ్చింది, 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలున్నాయి, 2025 జనవరిలో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలిచ్చే మన మిత్ర మొదలైంది. ఇంత ఉన్నా వ్యతిరేకించేవాళ్లు ఎందుకో చెప్పండి.

సింగ్‌నగర్ కోడలు (విజయవాడ):
మాస్టారూ, నీళ్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ మా వీధిలో కలిపిన డేటా మాకు ఏం చేసిందో వినండి. మా అత్తగారికి పెన్షన్ ఆగిపోయింది. ఎందుకంటే కరెంటు 300 యూనిట్లు దాటిందట. మేముండేది ఒక గదీ వంటిల్లూ. విచారిస్తే ఇంటి ఓనరుగారి మూడు మీటర్లు అత్తగారి ఆధార్‌కి లింకై ఉన్నాయి. ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. కరెంటాఫీసుకెళ్తే సచివాలయంలో అడగమన్నారు, సచివాలయంలో అడిగితే కరెంటాఫీసుకి పొమ్మన్నారు. ఆ నెలల్లో ఆవిడ బీపీ మందులు అప్పు తెచ్చి కొన్నాం.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్లు ముంచినప్పుడు ఈ డేటాబేసులన్నీ ఉన్నాయి. అయినా కింది అంతస్తుకి 25 వేలు, పైవాటికి 10 వేలు ఇవ్వడానికి ఇల్లిల్లూ తిరిగి మళ్లీ రాసుకున్నారు. కార్డులో ఊరొకటి, అద్దెకున్న ఇల్లొకటి అయితే కంప్యూటరుకు మేం ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది?

వార్డు ఉద్యోగి:
పేరు వద్దు, సచివాలయంలోనే పనిచేస్తున్నాను. అక్క చెప్పింది మాకు రోజూ వచ్చే కేసే. సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటే పథకానికి అర్హత తేల్చే ఆరు పరిశీలనలు: భూమి, కరెంటు, నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఇన్‌కమ్ ట్యాక్స్, పట్నంలో ఇంటి విస్తీర్ణం. ఇవన్నీ మనిషికి కాదు, కుటుంబానికి చూస్తారు. హైదరాబాద్‌లో వేరు కాపురం ఉంటున్న కొడుకు మ్యాపింగ్‌లో, అంటే ఎవరు ఏ కుటుంబమో రాసిన మా రికార్డులో, తల్లితోనే ఉంటే, అతను కట్టే పన్ను తల్లి పెన్షన్‌కి అడ్డం పడుతుంది. స్ప్లిట్ చేయమని (కుటుంబాన్ని రికార్డులో విడదీయమని) వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి తల్లులే.

తప్పు ఎక్కడుందో నాకు తెర మీద కనిపిస్తుంది. దిద్దే అధికారం మాత్రం నాకు లేదు. మీటరైతే విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), భూమి అయితే తహసీల్దారు, బండి అయితే రవాణా శాఖ. ఒక రికార్డులో పడ్డ తప్పు అన్ని పథకాలకూ ఒక్క పూటలో చేరుతుంది. దిద్దించుకోవడానికి మాత్రం ఆ ముసలావిడ ఒక్కో ఆఫీసూ తిరగాలి.

గణాంకాల విద్యార్థిని (విజయవాడ):
రెండు వేర్వేరు పనులను ఒకే పేరుతో మాట్లాడుకుంటున్నాం. న్యూజిలాండ్‌లో గణాంక శాఖ ఐడీఐ పేరుతో పన్ను, చదువు, ఆరోగ్యం, న్యాయశాఖ రికార్డులన్నీ కలిపి ఉంచుతుంది. కానీ పేర్లు తీసేసి, పరిశోధనకు మాత్రమే ఇస్తుంది. అందులో చూసి ఏ ఒక్క మనిషి మీదా చర్య తీసుకోకూడదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1995 నుంచీ లింకింగ్ ఉంది. రికార్డులు జతచేసేవాళ్లు జబ్బుల వివరాలు చూడరు, జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లు పేర్లు చూడరు. మాస్టారు చెప్పిన నీళ్ల విషయం ఈ కోవలోకి వస్తుంది. అక్కడ ఏ వీధో తెలిస్తే చాలు, ఎవరింట్లోనో అక్కర్లేదు.

అదే ఆస్ట్రేలియాలో రోబోడెట్ కూడా జరిగింది. ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సమానంగా పంచేసి, ఎక్కువ సాయం తీసుకున్నారంటూ పేదలకు బాకీ నోటీసులు పంపారు. అది చట్టవిరుద్ధమని తేలింది, 2023లో రాయల్ కమిషన్ గట్టిగా తప్పుబట్టింది. పక్కనే తెలంగాణలో 2016లో కంప్యూటర్ లెక్కతో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయితే, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రణాళిక కోసం కలపడం వేరు, పేరు తీసేయడానికి కలపడం వేరు.

అరండల్‌పేట మాస్టారు:
అమ్మాయ్, విడదీసి చెప్పావు, బాగుంది. కానీ మనిషి వివరాలు అక్కర్లేదంటే మంచి పనులూ ఆగుతాయి. భర్త మరణం కార్పొరేషన్‌లో నమోదవగానే, ఆమె దరఖాస్తు పెట్టకముందే వితంతు పెన్షన్ కోసం సచివాలయం మనిషి ఇంటికి వెళ్లొచ్చు కదా. టీకా పడని బిడ్డ, బడి మానేసిన పిల్ల ఎవరో తెలియాలంటే పేరుండాలి. అర్హత ఉండీ అడగనివాళ్లను వెతికి పట్టుకోవడానికి లింకింగ్ వాడండి అంటున్నాను.

కోర్టు రోడ్డు (గుంటూరు):
చట్టం సంగతి ఒకటి గమనించండి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సెక్షన్ 7 ప్రకారం, సబ్సిడీలూ సేవల కోసం ప్రభుత్వం, కేంద్రం నోటిఫై చేసిన తన డేటాబేసుల్లో ఉన్నదాన్ని విడిగా అనుమతి అడగకుండానే వాడుకోవచ్చు. సరిదిద్దమని అడిగే హక్కు సెక్షన్ 12లో ఉంది, కానీ అది మనం సమ్మతితో ఇచ్చిన డేటాకే. సింగ్‌నగర్ అమ్మగారి మీటరు లాంటివాటికి ఈ చట్టం పెద్దగా పనికిరాదు. నా దృష్టిలో అసలు లోటు ఇదే.

వార్డు ఉద్యోగి:
అయితే కావలసింది దిద్దుబాటు కౌంటరు. అర్జీ వార్డులోనే తీసుకోవాలి, ఆ శాఖకు మేమే పంపాలి, గడువులోగా వాళ్లే జవాబివ్వాలి. ఏ రికార్డు వల్ల పేరు ఆగిందో తెలుగులో రాసి ఇవ్వాలి. ఇప్పుడు ఆ మనిషికి మేం చెప్పేది "ఇనెలిజిబుల్" అన్న ఒక్క మాట.

సింగ్‌నగర్ కోడలు:
మాస్టారూ, వితంతువు ఇంటికి ముందే వెళ్లడం నాకూ నచ్చింది. దానికి కలపండి. ఆపడానికైతే మాత్రం ముందు నోటీసు ఇవ్వాలి, మనిషి వచ్చి ఇల్లు చూడాలి, అది తేలేదాకా ఒకటో తేదీ డబ్బు ఆగకూడదు.

అరండల్‌పేట మాస్టారు:
నోటీసూ, ఇల్లు చూడటమూ ఒప్పుకుంటాను. తేలేదాకా డబ్బు ఆపొద్దన్న దగ్గరే నాకు పేచీ. చనిపోయినవాళ్ల పేరు మీద కూడా ఇస్తూ పోదామా?

సింగ్‌నగర్ కోడలు:
మరణం నమోదైనవాళ్లకి ఆపండి. బతికున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఇవ్వండి.