బాలింత తల్లిగారింట్ల ఉంటే పాపను చూసే బాధ్యత ఏ ఏఎన్‌ఎంది?

పరకాల_పీహెచ్‌ఎన్
మన దిక్కు తొలుసూరు కాన్పు అంటే తల్లిగారిల్లే. గర్భిణిగా పేరు ఎక్కేది అత్తగారి ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్‌ల. రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ అక్కడి లెక్కలనే ఉంటయి. కాన్పు వరంగల్ సీకేఎం సర్కారు దవాఖానలనో ప్రైవేటులనో అయితది. డిశ్చార్జి అయినంక బిడ్డనెత్తుకొని తల్లిగారూరికి పోతది, మూడు నెలలో ఐదు నెలలో అక్కడనే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. అత్తగారూరు పరకాల మండలం, తల్లిగారూరు జమ్మికుంట పక్కన. ఒకటి హనుమకొండ జిల్లా, ఒకటి కరీంనగర్ జిల్లా. ఆస్పత్రి కాన్పైతే ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్ల ఇంటికి పోవాలె. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు మళ్ల పోవాలె. సబ్‌సెంటర్ నర్సు ఏఎన్‌ఎం వెనుక ఉండి చూసుకోవాలె, బరువు తక్కువ పిల్లలుంటే తనే పోవాలె. మరి ఎవరి ఆశ, ఎవరి ఏఎన్‌ఎం? పేరున్న ఊరోళ్లా, పాప ఉన్న ఊరోళ్లా? నియమం చదివి చెప్పుడు కాదు, పని ఎట్ల నడుస్తదో చెప్పండి.

ఊరి_సిస్టర్
పాప ఎక్కడ పండుకుంటదో అక్కడోళ్లే పోవాలె మేడం. ఫోన్‌ల పాపను తూకం వేయలేం గద. పరకాల నుంచి ఏఎన్‌ఎం జమ్మికుంట పోయి వచ్చిందంటే ఆనాటి టీకాల సెషన్ ఆగిపోతది. మైదానంల 5,000 మందికి ఒక సబ్‌సెంటర్ అని లెక్క. ఆ 5,000ల మందిల ఉన్న పిల్లల్ని విడిచిపెట్టి వేరే జిల్లాకు ఎవరు పోతరు?

వీణవంక_ఆశ
సిస్టర్ చెప్పేది వినడానికి బాగనే ఉంది, పని పడేది మా మీద. బాలింత వచ్చిన ముచ్చట మాకు చెప్పేదెవరు? మా డ్యూ లిస్టుల, అంటె మేము చూడాల్సినోళ్ల పట్టీల, పేరుండది. అంగన్‌వాడీ టీచర్‌కు తెలిస్తె ఆమె చెప్తది, లేకుంటె బుధవారం టీకాలకు వచ్చినప్పుడు తెలుస్తది. అప్పటికి ఆరు వారాలు నిండినయి, 42వ రోజు గూడ దాటింది. ఆరుసార్లు చూడాల్సిన పాపను ఒక్కసారి గూడ చూడనట్టే. తల్లీబిడ్డల కార్డు (ఎంసీపీ) అడిగితె అత్తగారింట్ల మర్చిపోయి వచ్చిన అంటరు. పుట్టిన బరువెంత, ఆస్పత్రిల ఏ టీకాలు వేసిండ్రు అంటె ఎవ్వరికీ ఎరుక లేదు. ఇగ పోయి చూసినా, ఆ పేరు మీద ఆశకిచ్చే డబ్బు ఎవరికి వస్తదో గూడ తేలది.

రికార్డు_సార్
అందుకే నేననేది, పేరున్న ఊరి ఏఎన్‌ఎందే బాధ్యత అని. తొమ్మిది నెలలు ఆమెను చూసింది ఆ సిస్టరే. హిమోగ్లోబిన్ ఎంత, బీపీ ఉందా, థైరాయిడ్ మాత్ర వేసుకుంటదా, ఇంతకుముందు పోయిన కాన్పు ఏమైనా ఉందా, ఇవన్నీ ఆమెకే తెలుసు. ఉన్న ఊరోళ్లు చూడాలని రాసినమంటే ఇద్దరికిద్దరూ అవతలోళ్లు చూస్తున్నరనుకుంటరు. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనైతది. పేరున్న సిస్టర్ ఆ ఆరు రోజులూ ఫోన్ చేయాలె, తేడా ఉంటే అక్కడోళ్లను పంపాలె. ఒక్క మనిషి జవాబుదారీ ఉంటె చాలు.

వీణవంక అక్కకు ఒక మాట. కాన్పు తల్లిగారింటి దగ్గరై మధ్యల అత్తగారింటికి మారితె ఇద్దరు ఆశలు డబ్బు పంచుకునే వీలు మార్గదర్శకాలల్ల ఉంది. సిజేరియనైతె 7 నుంచి 42 దాకా ఐదుసార్లు పోయినా పూర్తి మొత్తమే వస్తది. అడిగి రాయించుకోవాలె.

పిల్లల_డాక్టర్_వరంగల్
జవాబుదారీ ఒకరికే ఉండాలనడంలో తప్పు లేదు. కానీ ఆ ఆరు రోజులనూ ఒకే గాటన కట్టకండి. ఒక్కో రోజున చూడాల్సింది వేరు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆ తల్లి ఇల్లు చేరేసరికి ఐదో రోజో ఏడో రోజో అవుతుంది. మూడో రోజు ఎలాగూ ఆస్పత్రిలోనే గడిచింది. కాబట్టి ఇంట్లో జరిగే మొదటి పరీక్ష ఏడో రోజు, రెండోది పద్నాలుగో రోజు. ఈ రెండూ చేత్తో చేయాల్సినవే.

ముందు బరువు. మొదటి రోజుల్లో పాప బరువు తగ్గడం సహజం. ఆ తగ్గుదల పుట్టిన బరువులో పదో వంతుకు చేరితే మాత్రం ఆస్పత్రికి పంపాలి. 2.8 కిలోలతో పుట్టిన పాప 2.6కు వస్తే పాలు పట్టే తీరు సరిచేసి రెండు రోజుల్లో మళ్లీ తూచాలి. 2.5 చూపిస్తే ఆగకూడదు. పద్నాలుగో రోజుకు పుట్టిన బరువు తిరిగి రావాలి. ఆ తర్వాత రోజుకు 20-30 గ్రాములు పెరగాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు తూకంలోనే. ఆస్పత్రిలో డిజిటల్ మిషను మీద బట్టల్లేకుండా తూస్తారు, ఊళ్లో స్ప్రింగ్ త్రాసుకు ఉయ్యాల గుడ్డతో వేలాడదీస్తారు. గుడ్డ బరువు తీయరు, ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూడరు. రెండు త్రాసుల మధ్య 100 గ్రాముల తేడా వస్తే తగ్గిన పాప పెరిగినట్టు కనిపిస్తుంది. ఏడో రోజు మీ త్రాసు మీద వచ్చిన అంకెనే ఆధారంగా పెట్టుకోండి, పద్నాలుగో రోజు అదే త్రాసు మీద తూచండి. అదే మనిషి తూస్తే ఇంకా మంచిది. ఇద్దరు ఆశల మధ్య పాప మారితే ముందుగా దెబ్బతినేది ఈ లెక్కే.

రెండోది పసిరికలు. మొదటి 24 గంటల్లో కనిపిస్తే ప్రమాదమే, అది ఆస్పత్రి వాళ్లు చూస్తారు. ఇంట్లో చూడాల్సింది పసుపు ఎక్కడిదాకా దిగిందన్నది. అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే అదే రోజు పంపాలి. పద్నాలుగు రోజులు దాటినా తగ్గకపోయినా, దొడ్డికి తెల్లగా సున్నం రంగులో పోతున్నా పంపాలి. పగటి వెలుతురులో, చర్మాన్ని వేలితో నొక్కి వదిలి చూడాలి. వీడియో కాల్‌లో రంగు తెలియదు, ట్యూబ్‌లైటు కింద అసలే తెలియదు. పొద్దుటి ఎండలో పెడితే తగ్గుతుందని నాలుగు రోజులు గడిపేస్తారు. దాన్ని వైద్యంగా లెక్కపెట్టకండి.

శ్వాస మాత్రం ఫోన్‌లో కొంతవరకు చూడొచ్చు. పాప ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు పొట్ట కదలికలను నిండు నిమిషం లెక్కించమనండి. 60 దాటితే మళ్లీ ఒకసారి లెక్కించాలి. రెండోసారీ దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, చంకలో 37.5 డిగ్రీలకు ఎక్కినా, 35.5 కంటే దిగినా ఆలోచించే పని లేదు, ఆస్పత్రికే.

ఏడు, పద్నాలుగు రోజుల్లో పాప ఉన్న ఊరోళ్లు ఇంటికి పోవాలి. 21, 28కి అంతా బాగుంటే పేరున్న సిస్టర్ ఫోన్ చాలు. ఇది నా అభిప్రాయం, నియమం ఆరుసార్లూ పోవాలనే అంటుంది.

కొత్త_నాన్న_హనుమకొండ
అందరూ ఎవరు పోవాలన్న దగ్గరే ఉన్నరు. వచ్చే ఫోన్లల్ల అడిగేదేంది? పాప ఆధార్, తల్లి ఖాతా నంబరు, టీకా తారీఖు. పాలు సరిపోతున్నయా అని అడగరు. డబ్బా పాలు మొదలుపెట్టిన ఇంట్ల దాన్నుంచి ఎట్ల బయటపడాలో చెప్పేటోళ్లు లేరు. తల్లిదండ్రులకు సాయం అంటె ఇదేనా?
ఇంకొకటి, పెంటా (ఐదు జబ్బుల టీకా) సూది పడ్డ రాత్రి జ్వరమొస్తె ఎంత మందు వేయాలె?

ఊరి_సిస్టర్
తమ్ముడు అడిగింది న్యాయమే. పోర్టల్‌ల ఎక్కించకుంటే మెమో వస్తది, పాలు తాగే తీరు చూడకుంటే ఎవ్వరూ అడగరు. ఫోన్ అట్లనే అయితది మరి.

మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి. పారాసిటమాల్ కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. నాలుగు కిలోల పాపకు 40-60. చుక్కల సీసా మీద 1 మి.లీ.కు 100 మి.గ్రా. అని ఉంటె 0.4 నుంచి 0.6 మి.లీ. చాలు. సిరప్ మీద 5 మి.లీ.కు 125 అని ఉంటె 1.6 నుంచి 2.4 మి.లీ. ఇంట్ల పెద్ద పిల్లగాని సీసా 250ది ఉంటది, తెలియక అదే కొలత పోస్తె రెండింతలైతది. అందుకే సీసా మీది అంకె ఫోన్‌ల చదివించుకోవాలె. ఆరు గంటల ఎడం ఉండాలె, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. జ్వరం లేకుంటె వేసుడు అవసరం లేదు. రెండు రోజులు దాటినా తగ్గకుంటె చూపించాలె. టీకాకు సంబంధం లేకుండ మూడు నెలలలోపు పాపకు జ్వరమొస్తె ఇంట్ల మందు వేసుకుంట కూసోవద్దు, సక్కగ డాక్టర్ దగ్గరికి.

డబ్బా పాల సంగతి ఫోన్‌ల తేలేది కాదు. నోరు పెద్దగ తెరిచిందా, కింది పెదవి బయటికి మడిగిందా, గడ్డం రొమ్ముకు తగిలిందా, నల్ల భాగం పైన ఎక్కువ కింద తక్కువ కనబడుతుందా, ఈ నాలుగూ కండ్లతోనే చూడాలె. సిజేరియన్ కుట్లు నొస్తుంటె ఒడిల పెట్టుకొని తాగించలేరు, పక్కకు పండుకొనో చంక కింద పట్టుకొనో తాగించుడు నేర్పాలె. రాత్రి పగలు కలిపి 8 నుంచి 12 సార్లు తాగాలె. వారం దాటిన పాప రోజుకు ఆరుసార్లన్న ఒంటికి పోతె పాలు సరిపోతున్నట్టే. ఆ లెక్క ఇంటోళ్లకు చూపించినంకనే డబ్బా ఒక్కో పూట తగ్గించాలె, ఒక్కసారి ఆపొద్దు. పాలు పలుచగ కలిపే ఇండ్లు గూడ ఉంటయి. చాలా డబ్బాలకు 30 మి.లీ. నీళ్లకు ఒక చెంచా అని ఉంటది. డబ్బా తొందరగ అయిపోవద్దని 60కి ఒకటి వేస్తరు. పాప కడుపు నిండినట్టు పండుకుంటది, బరువు పెరగది.

రికార్డు సార్‌కు ఇంకొక మాట. అత్తగారూరి సిస్టర్ తొమ్మిది నెలలు చెప్పింది ఎవరికి? అత్తకు. తల్లిగారింట్ల పాపకు స్నానం పోసేది, సాంబ్రాణి పొగ వేసేది, చెవుల్ల నూనె పోసేది అమ్మమ్మ. పప్పు తింటె కుట్లకు చీము పడతదని, నీళ్లు ఎక్కువ తాగొద్దని పథ్యం పెట్టేది ఆమెనే. ఏప్రిల్, మే నెలలల్ల రేకుల ఇంట్ల బాలింతకు నీళ్లు తగ్గిస్తె ఒళ్లు నీరసించి పాలు పట్టే ఓపిక పోతది, పాపకు దప్పికని చెంచాతోటి నీళ్లు పోస్తరు. ఆరు నెలల దాకా పాపకు నీళ్లు వద్దు, ఎండాకాలం గూడ. ఎక్కువసార్లు పాలిస్తె అదే చాలు. ఈ మాట అమ్మమ్మ ఎదురుంగ కూసొని చెప్పాలె.

రికార్డు_సార్
అమ్మమ్మ సంగతి ఒప్పుకుంటున్న. జవాబుదారీ సంగతి కాదు.

కొత్త_నాన్న_హనుమకొండ
21 దినాల పురుడు అయ్యేదాక బయటోళ్లను లోపలికి రానియ్యని ఇండ్లున్నయి. మరి ఏడో రోజు ఎట్ల?

వీణవంక_ఆశ
ఊరి ఆశను ఎవ్వరూ బయటిదనుకోరు అన్నా, వేరే ఊరి నుంచి వచ్చినోళ్లనే ఆపుతరు. చెప్పులు ఇడిచి, కాళ్లు చేతులు సబ్బుతోటి కడుక్కొని పోతె ఎవ్వరూ ఏమనరు. జలుబుంటె నేనే పోవద్దు, అది వేరే సంగతి.

పరకాల_పీహెచ్‌ఎన్
ఇంతవరకు వచ్చినదాన్ని పనిల పెడితె ఇట్లుంటది. ఇంటికి పోయేది పాప ఉన్న ఊరోళ్లు. కానీ "చూసిన, ఇంత బరువుంది" అని వాళ్ల నుంచి మాట వచ్చేదాక బాధ్యత పేరున్న సిస్టర్‌దే, అప్పగించినంత మాత్రాన ఒడ్వదు.

ఎనిమిదో నెల పరీక్షకు వచ్చినప్పుడే తల్లిగారూరు, అక్కడి ఆశ ఫోన్ నంబరు అడిగి ఎంసీపీ కార్డు మొదటి పేజీల రాయాలె. కార్డు బ్యాగుల పెట్టిచ్చి పంపాలె. కాన్పైందని తెలిసిన రోజే ఇవతలి ఏఎన్‌ఎం అవతలి ఏఎన్‌ఎంకు ఫోన్ చేయాలె. చెప్పాల్సింది ఎక్కువ లేదు. కాన్పు తారీఖు, పుట్టిన బరువు, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి పడ్డయా లేదా, తల్లికున్న జబ్బు, ఇంటి గుర్తు. హెపటైటిస్-బి 24 గంటలల్లనే వేయాలె, పోలియో సున్నా మోతాదు 15 రోజులల్ల. ప్రైవేటుల కాన్పైతె ఇవి వేరే ఫైల్‌ల ఉంటయి, కార్డుల ఖాళీ ఉంటది. వేయలేదనుకొని మళ్ల వేయబోతరు, లేకుంటె వేసిండ్రనుకొని విడిచిపెడ్తరు.

టీకాల ఆన్‌లైన్ రికార్డు యూ-విన్‌ల తల్లిగారింట్ల వేసిన టీకా కూడా కనబడాలె. కనబడనిది ఫోన్ నంబరు వల్లనే. అక్కడ భర్త నంబరు మీద ఉంటది, ఇక్కడ నాన్న నంబరిచ్చి కొత్త పేరు తెరుస్తరు. ఒకే పాప రెండు పేర్లైతది. పాత నంబరుతోటి వెతికినంకనే కొత్తది తెరవాలె.

వీణవంక_ఆశ
మా డ్యూ లిస్టుల ఆమె పేరు ఎక్కనిదే ఇదంతా ఫోన్ మీద మర్యాద మేడం. సిస్టర్లు మంచోళ్లైతె నడుస్తది, బదిలీ అయితె పాయె. వచ్చిపోయే బాలింతలకు రిజిస్టర్‌ల ఒక పేజీ పెట్టండి, నెల మీటింగుల ఆ పేజీ గూడ చూడండి.

రికార్డు_సార్
పేజీ పెడితె నేను సంతకం చేస్త. రెండు జిల్లాల మధ్య ఎవరు చూస్తరన్నది ఇంకా తేలలేదు.

భూపాలపల్లి_సిస్టర్
మీ దగ్గర కనీసం రెండు ఊర్లున్నయి. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి, మిరప ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే తల్లులకు ఇక్కడ ఏ ఊర్ల పేరుండది. వాళ్లకు పాప ఉన్నచోటు ఒక్కటే లెక్క. బట్టీ దగ్గరికి పోయినప్పుడు పాత కార్డు అడగాలె. భాష రాకున్నా గళ్లు అవే, టీకాల వరుస దేశమంతా ఒక్కటే. కార్డు లేకుంటె ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ చూడాలె. మచ్చ లేనంత మాత్రాన వేయలేదని కాదు. పెంటా ఆలస్యమైతె మొదటి నుంచి మళ్ల వేసుడు వద్దు, ఆగిన కాడి నుంచి నాలుగు వారాల ఎడంతోటి వేయాలె. వానకాలం ముందు వాళ్లు వెళ్లిపోతరు కాబట్టి మే నెల మొదట్లనే కొత్త కార్డుల తారీఖులన్నీ ఎక్కించి చేతికియ్యాలె. కూలీలను తెచ్చే ముకద్దం దగ్గర పెట్టొద్దు, తల్లి చేతికే.