పెపే: గొప్ప డిఫెండరా, ఇప్పటికీ ఆ గెటాఫే మ్యాచ్ మనిషేనా?

సెంటర్‌బ్యాక్_ప్రియుడు:
2024 ఆగస్టులో పోర్చుగల్ డిఫెండర్ పెపే ఫుట్‌బాల్ నుంచి రిటైరైనప్పుడు చాలామంది మళ్లీ అదే వీడియో షేర్ చేశారు. 2009 ఏప్రిల్, స్పెయిన్ లీగ్‌లో అతని జట్టు రియల్ మాడ్రిడ్‌కు గెటాఫేతో మ్యాచ్. స్కోరు 2-2, ఆట చివరికొచ్చింది. పెనాల్టీ బాక్సులో గెటాఫే ఆటగాడు కస్కేరోను తోసేసి, కింద పడ్డవాణ్ణి కాలితో తన్నాడు. పది మ్యాచ్‌ల నిషేధం పడింది. అది తప్పే, సమర్థించను. కానీ పోర్చుగల్ తరఫున 141 మ్యాచ్‌లు ఆడిన వాడిని ఆ ఒక్క నిమిషంతో తూచడం అన్యాయం. యూరో 2024 (ఐరోపా దేశాల కప్పు) క్వార్టర్ ఫైనల్లో 41 ఏళ్ల వయసులో ఫ్రాన్స్ మీద ఎక్స్‌ట్రా టైమ్ దాకా నిలబడ్డాడు. పోర్చుగల్ చరిత్రలో అతన్ని మించిన డిఫెండర్ లేడని నా అభిప్రాయం.

అర్ధరాత్రి_మ్యాచ్:
అన్నా, ఒక్క నిమిషం అయితే నేనూ వదిలేసేవాణ్ణి. 2011లో ఐరోపా క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీస్ చూడండి. బార్సిలోనాతో 0-0గా సాగుతున్న మ్యాచ్‌లో డాని ఆల్వెస్ మీదికి కాలెత్తి రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. ఆ తర్వాతే మెస్సి రెండు గోల్స్ కొట్టాడు. 2012లో కింద పడ్డ మెస్సి చేతిని తొక్కాడు. 2014 ప్రపంచకప్‌లో జర్మనీతో 0-2 వెనుకబడి ఉండగా కింద కూర్చున్న ముల్లర్ తలకు తల ఆనించి 37వ నిమిషంలోనే బయటికెళ్లాడు. పదిమందితో ఆడి 0-4తో ఓడారు. చివరికి గ్రూపులో అమెరికాకూ పోర్చుగల్‌కూ పాయింట్లు సమానమయ్యాయి, గోల్ తేడాతో ఇంటికెళ్లింది పోర్చుగల్. ఇవన్నీ పెద్ద మ్యాచ్‌లే. డిఫెండర్ మొదటి బాధ్యత మైదానంలో ఉండటం కాదా?

రిబేరా_గాలి:
నా ఓటు మరో పోర్చుగల్ డిఫెండర్ రికార్డో కార్వాల్యోకి. 2004లో పోర్టోతో ఛాంపియన్స్ లీగ్, తర్వాత చెల్సీతో మూడు ప్రీమియర్ లీగ్‌లు. ముందే చదివి బంతి అందుకునేవాడు, కాబట్టి టాకిల్ దాకా రానిచ్చేవాడే కాదు. పెపే తన పొరపాట్లను వేగంతో సరిదిద్దుకునేవాడు.

సెంటర్‌బ్యాక్_ప్రియుడు:
కార్వాల్యో తెలివి గురించి పేచీ లేదు. కానీ ఓపిక లెక్కే అయితే, 2011లో జాతీయ జట్టు శిబిరం వదిలి వెళ్లిపోయింది ఆయనే కదా. 2012 యూరోకి లేడు. పెపే ఉన్నాడు.

తమ్ముడూ, నువ్వు చెప్పిన మ్యాచ్‌లన్నీ నిజమే. ఆ 2014 దెబ్బ నాకూ మింగుడుపడలేదు. అయితే తర్వాతి పదేళ్లు కూడా చూడాలి. 2016 యూరో ఫైనల్లో రొనాల్డో 25వ నిమిషంలోనే గాయంతో వెళ్లిపోయాడు. పారిస్ శివారులో, ఫ్రాన్స్ సొంత ప్రేక్షకుల ముందు, 120 నిమిషాలు గోల్ ఇవ్వలేదు పోర్చుగల్. గెలిపించిన గోల్ ఎదెర్‌దే అయినా, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ పెపేకి ఇచ్చారు. గాయంతో సెమీస్ ఆడకుండా ఫైనల్‌కి వచ్చాడు. 2021లో అతని క్లబ్ పోర్టో, టూరిన్‌లో తమ ఆటగాడు తరేమీ రెడ్ కార్డుతో బయటికెళ్లాక, పదిమందితోనే జువెంటస్‌ను ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటికి పంపింది. అక్కడా వెనుక గోడ పెపేనే, అప్పుడతనికి 38. కోపం తగ్గించుకోలేని మనిషి ఇన్నేళ్లు, ఇంత ఒత్తిడిలో పనికొస్తాడా?

మడీరా_మబ్బు:
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. అతను పుట్టింది బ్రెజిల్‌లోని మసెయోలో. టీనేజ్‌లో మడీరా దీవిలోని మారీటిము క్లబ్బుకి వచ్చాడు, 2007లో పోర్చుగల్ పౌరసత్వం తీసుకున్నాడు. ఆ దేశానికి అంతకాలం ఆడాక 'నిజమైన పోర్చుగీస్ కాదు' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. గెటాఫే గురించి వాదించండి, పుట్టిన ఊరు గురించి వద్దు.

అర్ధరాత్రి_మ్యాచ్:
మడీరా గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అన్నా, 2016 ఫైనల్ విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను, ఆ రాత్రి అతనే అందరికంటే మేలు. కానీ గెటాఫే నిషేధం వల్ల సీజన్ మిగతా భాగం అతను లేడు. అదే సీజన్లో మే నెలలో రియల్ సొంత మైదానం బెర్నబ్యూలో బార్సిలోనా 6-2తో గెలిచింది. అతనుంటే ఆపేవాడని అనను. ఆడే అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నాడన్నదే నా ఫిర్యాదు. నా ఆల్‌టైమ్ పోర్చుగల్ జట్టులో పెపే ఉంటాడు, కానీ మొదట రాసే పేరు కార్వాల్యోదే.