ఎలక్టివ్ ఎంచుకునే ముందే థీసిస్ టాపిక్ తేల్చుకోవాలా?

బొబ్బిలి_అమ్మాయి:
చెన్నైలో ఎం.ఏ. జాగ్రఫీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్‌కి రెండు ఎలక్టివ్‌లలో ఒకటే తీసుకోవాలి. ఒకటి కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసి విశ్లేషించే అడ్వాన్స్‌డ్ జీఐఎస్, ఇంకోటి ఇంటర్వ్యూలు, ఫీల్డ్ నోట్స్ నేర్పే క్వాలిటేటివ్ మెథడ్స్. థీసిస్ నాలుగో సెమిస్టర్‌లో. ఇక్కడి ఓఎంఆర్‌లో (పాత మహాబలిపురం రోడ్డు) అపార్ట్‌మెంట్లు కడుతున్న శ్రీకాకుళం, విజయనగరం కూలీల మీద చేయాలని ఉంది, ఇంకా గైడ్ ఖరారు కాలేదు. సీనియర్లేమో టాపిక్ ఫిక్స్ చేసుకున్నాకే పేపర్లు ఎంచుకోమంటున్నారు. మా మేడమేమో ముందు చదువు, టాపిక్ దానంతట అదే దొరుకుతుంది అంటున్నారు. మీరేమంటారు?

పటాల_పంతులు:
మేడమ్ చెప్పిందే నిజం. మొదటి సంవత్సరంలో అనుకున్న టాపిక్ చివరిదాకా నిలబడటం అరుదు. జీఐఎస్ తీసుకో అమ్మా. థీసిస్ ఎటు మళ్ళినా ఆ నేర్పు పనికొస్తుంది, ఉద్యోగానికీ అక్కరకొస్తుంది. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం. ఊరు ఎలా పెరిగిందో ఇంట్లో కూర్చునే చూపించొచ్చు.

వలస_లెక్కలు:
పంతులుగారూ, ఊరు పెరగడం కనిపిస్తుంది, సరే. కట్టినవాళ్ళు కనిపిస్తారా? సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో పిక్సెల్ పది మీటర్లు. సైట్ వెనకాల రేకుల షెడ్డులో ఎవరున్నారో ఏ ఉపగ్రహమూ చెప్పదు.

చెల్లీ, నీ ప్రశ్నకు లెక్కలు ఎక్కడ దొరుకుతాయో ముందు చూడు. చేతిలో ఉన్న జనగణన 2011ది. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. ఆ వలస పట్టికలు కూడా వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళను రాష్ట్రం పేరుతోనే చూపిస్తాయి. ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది, బొబ్బిలి అని ఉండదు. నాలుగు నెలలు పని చేసి ఊరెళ్ళిపోయేవాళ్ళు అందులో సరిగ్గా పడరు. 2007-08 జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) 64వ రౌండ్ ఇలాంటి స్వల్పకాల వలసను విడిగా అడిగింది, కానీ అది పాతబడిపోయింది.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. వలసకు కారణం అడిగితే ఆడవాళ్ళకు ఎక్కువగా 'పెళ్ళి' అనో, 'కుటుంబంతో వచ్చాం' అనో నమోదవుతుంది. అలా నమోదైన మనిషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇసుక తట్టలు మోస్తుంటుంది. ఆ సంగతి కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. షెడ్డుల్లో ఆడవాళ్ళు నీతో మాట్లాడినంత స్వేచ్ఛగా ఏ మగ పరిశోధకుడితోనూ మాట్లాడరు, పైగా నీది వాళ్ళ యాసే. ఇంత ఉండి జీఐఎస్ ల్యాబ్‌లో కూర్చుంటావా?

టాపిక్ శీర్షికతో సహా తేల్చక్కర్లేదు. ఎవరి గురించి, ఏం తెలుసుకోవాలి అన్నది మాత్రం ఇప్పుడే తేలాలి. మెథడ్స్ పేపర్ దాన్నిబట్టే.

పటాల_పంతులు:
ముప్ఫై మందితో మాట్లాడి ఓఎంఆర్ అంతా ఇంతే అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్నే 'ఆ ముప్ఫై మంది ఎవరు, వాళ్ళనే ఎందుకు ఎంచుకున్నావు' అని. తెలిసినవాళ్ళు చూపించినవాళ్ళతో మాట్లాడటం శాంపిల్ కాదు. తమిళనాడు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో నమోదైన ప్రాజెక్టుల జాబితా ఉంది. దాన్ని మ్యాప్ మీద పెట్టి, నావలూరు, సిరుసేరి, కేళంబాక్కం అలా విడదీసి, పెద్ద సైట్లు కొన్ని, చిన్నవి కొన్ని తీసుకుంటే జవాబు చెప్పగలవు. అది జీఐఎస్ పనే కదా!

వలస_లెక్కలు:
ఆ సలహా బంగారం, కాదనను. కానీ దానికి అడ్వాన్స్‌డ్ పేపర్ ఎందుకండీ? చుక్కలు పెట్టడం ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తుంది. మనిషి చెప్పింది వినడం, రాసుకోవడం, దాన్ని విడదీసి చూడటం అలా రాదు. రెరాలో చిన్న కట్టడాలు ఉండవని కూడా గుర్తుంచుకోండి.

సిరుసేరి_సైట్:
నేను జాగ్రఫీ చదవలేదు, సైట్ ఇంజినీర్‌ని. మీ ఇద్దరూ క్యాలెండర్ చూడలేదు. నాలుగో సెమిస్టర్ అంటే జనవరి. సంక్రాంతికి మన ఉత్తరాంధ్ర కూలీలు ఊరెళ్ళిపోతారు, కొందరు తిరిగి ఇదే సైట్‌కి రారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, పని ఆగుతూ సాగుతూ ఉంటుంది, అప్పుడే షెడ్డులో మనుషులు తీరిగ్గా దొరుకుతారు. అంటే నీ ఫీల్డ్‌వర్క్ మూడో సెమిస్టర్‌లోనే. ఇప్పుడు తేల్చుకోకపోతే ఎప్పుడు తేలుస్తావమ్మా?

ఇంకోటి. సైట్‌లోకి రావాలంటే మేస్త్రి ఒప్పుకోవాలి. చెన్నై పక్కనే మౌలివాక్కంలో 2014 జూన్‌లో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు, అందులో చాలామంది మనవైపు వాళ్ళే. అప్పటినుంచీ కాగితం, పెన్ను పట్టుకుని వచ్చినవాళ్ళంటే కంపెనీలకు బెదురు. మేస్త్రి పక్కన నిలబడి ఉంటే కూలీ రేటు ఎంతని అడిగినా సరైన జవాబు రాదు.

బొబ్బిలి_అమ్మాయి:
అన్నా, మరి మేస్త్రి లేకుండా వాళ్ళని ఎక్కడ కలవాలి?

సిరుసేరి_సైట్:
ఆదివారం మధ్యాహ్నం, కేళంబాక్కం కూరగాయల దుకాణాల దగ్గర. వారం డబ్బులు చేతికొచ్చి సరుకులకు వస్తారు. సంతకం మాత్రం అడక్కు, భయపడతారు.

వలస_లెక్కలు:
సంతకం వద్దు గానీ, ఎందుకు అడుగుతున్నావో చెప్పి నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోవాలి చెల్లీ. పేర్లు రాసుకోకు. మేస్త్రికి తెలిస్తే పని పోయేది వాళ్ళకి, నీకు కాదు. దీనికి డిపార్ట్‌మెంట్ అనుమతి అడగాల్సి వస్తే అదీ ఇప్పుడే మొదలుపెట్టు.

పటాల_పంతులు:
ఫీల్డ్ మూడో సెమిస్టర్‌లోనే అయితే క్వాలిటేటివ్ తీసుకో, ఒప్పుకుంటున్నాను. జీఐఎస్ సెలవుల్లో నేర్చుకో. కానీ అమ్మా, ఒప్పుకునే గైడ్ దొరక్కపోతే? ముందు వెళ్ళి ఆ మాట అడుగు, ఫారం తర్వాత నింపొచ్చు.

బొబ్బిలి_అమ్మాయి:
సోమవారం అడుగుతానండీ. ఫారం గడువు శుక్రవారం.