స్వీడిష్‌లో ‘ఆండ్రా’ అంటే రెండోదా, అవతలిదా?

నమస్కారం. జర్మన్ నేర్చుకుంటున్నాను. ఒకటిన్నరని ‘అండర్ట్‌హాల్ప్’ అంటారని చూసి ఆగిపోయాను. ‘అండరె’ అంటే ‘మరొక’ కదా! వెతికితే తెలిసింది, పాత జర్మన్‌లో రెండోదానికి కూడా అదే మాటట. అంటే ఒకటి పూర్తయి, రెండోదాంట్లో సగం. ఇప్పటి ‘త్స్వైటె’ ఆ తర్వాత ‘త్స్వై’ నుంచి పుట్టింది. పాత ఇంగ్లిష్‌లోనూ నేటి ‘అదర్’కి మూలమైన మాటే రెండోది అనే అర్థమిచ్చేది. ‘సెకండ్’ లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. అసలు అర్థం ‘వెనకాలే వచ్చేది’. ఫస్ట్, థర్డ్, ఫోర్త్ సొంతవే ఉంచుకుని ఇదొక్కటే అరువు తెచ్చుకోవడం భలే విచిత్రం!

నా ప్రశ్న స్వీడన్, డెన్మార్క్‌లో ఉండేవాళ్లకి. స్వీడిష్ ‘ఆండ్రా’, డానిష్ ‘ఆనెన్’ ఇప్పటికీ రెండు అర్థాలూ మోస్తున్నాయి. వరసగా నాలుగు తలుపులున్న చోట ఎవరైనా దారి చెబితే, రెండో తలుపా, అవతలి తలుపా అన్నది ఎలా తేల్చుకుంటారు? మనమూ ‘ఆ రెండోది ఇవ్వండి’ అని మిగిలినదాన్ని అడుగుతాం, కానీ ఉన్నవి రెండే అయినప్పుడు. అక్కడ రోజూ మాట్లాడేవాళ్లు ఒకటి రెండు వాక్యాలు ఉదాహరణగా రాయగలరా?