అప్‌డేట్: కుర్రవాళ్లను యుద్ధానికి తోసే పెద్దలు

కుర్రవాళ్లను యుద్ధానికి ఉసిగొల్పే పెద్దలున్న కథలు చెప్పమని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పిన పేరు కాంటొరెక్. 1929లో పుస్తకంగా వచ్చిన జర్మన్ రచయిత రెమార్క్ మొదటి ప్రపంచయుద్ధపు నవల ‘ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’లో బడిపంతులు. చదివేశాను. ఉపన్యాసాలు దంచి తరగతి మొత్తాన్ని సైన్యంలో చేర్పిస్తాడు. వెనకాడిన బేమ్ కూడా వెలివేస్తారన్న భయంతో చేరతాడు. ముందుగా పోయేవాళ్లలో వాడొకడు. కంటికి దెబ్బ తగిలి పడిపోతే చచ్చాడనుకుని తోటివాళ్లు వదిలేస్తారు. తెలివొచ్చి, చూపు లేక, నొప్పితో పాకుతుంటే శత్రువులు కాల్చేస్తారు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

తర్వాత పంతులుకూ పిలుపొస్తుంది, పాత శిష్యుడే కవాతు చేయిస్తాడు. (కసిగా నవ్వుకున్నాను, దాచను.)

అభిమన్యుణ్ణి గుర్తుచేసినవారితో సగమే ఏకీభవిస్తాను. పద్మవ్యూహం నుంచి బయటపడటం తెలియదని అతను ముందే చెబుతాడు. వెనకే వస్తామని మాటిచ్చి పంపిన ధర్మరాజును సైంధవుడు అడ్డుకుంటాడు. అయినా ధర్మరాజు ఉన్నది యుద్ధభూమిలోనే, తర్వాత కుమిలిపోతాడు కూడా. కాంటొరెక్ మాత్రం కందకాల్లో ఉన్న పిల్లలకు ‘ఉక్కు యువత’ అంటూ ఉత్తరం రాస్తాడు!

తల్లులే కొడుకుల్ని పంపే కథలు తెలిస్తే ఇప్పుడు అవి చెప్పండి.