దుమ్ము మీద పరిశోధనకు దుమ్ము లేపేవారి డబ్బు తీసుకోవచ్చా?

రాతిపొడి:
రాతి క్రషర్ కార్మికుల ఊపిరితిత్తుల మీద కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నెట్ జేఆర్‌ఎఫ్ (జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధక ఫెలోషిప్) ఉన్నవారికి నెలకు 37,000 రూపాయలు వస్తాయి. అది లేని నాకు 8,000. గది అద్దెకు, మెస్సుకు సరిపెట్టుకోవడమే కష్టం. దుమ్ములో సిలికా (రాతిలో ఉండే, ఊపిరితిత్తులను పాడుచేసే ఖనిజం) ఎంతుందో తేల్చే పరీక్షలకు ఎక్కడి నుంచి తేవాలి? ఒక క్వారీ యజమానుల సంఘం మూడేళ్ల ఖర్చు భరిస్తామంటోంది. షరతు ఒక్కటే: అచ్చుకు ముందు వ్యాసం తమకు చూపించాలి. ‘చూస్తే పోయేదేముంది’ అంటున్నారు గైడు. మీరేమంటారు?

పాత మాస్టారు:
వద్దమ్మా. ఆ ‘చూడటం’ ఎక్కడికి దారితీస్తుందో ఇదివరకే తేలింది. 1936లో అమెరికా ఆస్‌బెస్టాస్ కంపెనీలు అక్కడి సారనాక్ అనే వైద్య పరిశోధనశాలకు డబ్బిచ్చి, ఫలితాలు తమ అనుమతితోనే బయటికి రావాలని ఒప్పందం రాయించుకున్నాయి. ఆస్‌బెస్టాస్ దుమ్ము పీల్చిన ఎలుకల్లో కణితులు కనిపించాయి. పరిశోధకుడు గార్డ్నర్ 1946లో చనిపోయారు. 1951లో అచ్చయిన వ్యాసంలో క్యాన్సర్ ఊసే లేదు. మీ గైడుకు ఈ కథ చెప్పండి.

సేఫ్టీ ఆఫీసర్:
మాస్టారూ, డబ్బు వద్దంటారు సరే, గేటు ఎవరు తెరుస్తారు? కార్మికుడు నడుముకు పంపు, కాలరుకు ఫిల్టరు తగిలించుకొని షిఫ్టంతా పనిచేయాలి. పనికి ముందు, తర్వాత ఫిల్టరును తూచి తేడా చూడాలి. యజమాని ఒప్పుకోకపోతే రోడ్డు మీద నిలబడి ఏం కొలుస్తారు? పైగా పరిశోధనలో బయటి సొమ్ము వద్దని ప్రభుత్వమే అనడం లేదు. పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు ఐదేళ్లకు ప్రకటించిన 50,000 కోట్లలో సుమారు 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచే రావాలి.

సూటిమాట:
అసలు ఈ పీహెచ్‌డీ ఎందుకు? రాతి దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని ఎప్పుడో తెలుసు. ఆ డబ్బుతో జల్లెడ దగ్గర, బెల్టు దగ్గర నీళ్లు చల్లే పైపులు వేయించండి. థీసిస్ బీరువాలోకి పోతుంది, కార్మికుడు శ్మశానానికి పోతాడు.

రాతిపొడి:
సూటిమాట గారూ, కోపం అర్థమైంది. పైపులు వేయాల్సిందే, దానికి నా థీసిస్ కోసం ఆగక్కర్లేదు. కానీ ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అని మందులిచ్చి పంపేస్తే, సిలికోసిస్‌కు, అంటే సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు, పరిహారం అడగడానికి కార్మికుడి చేతిలో కాగితమే ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ జబ్బు సాధారణంగా పదేళ్లు, అంతకుమించి దుమ్ము పీల్చాకే బయటపడుతుంది. అప్పటికి మనిషి ఒడిశాలోనో బిహార్‌లోనో సొంతూళ్లో ఉంటాడు. క్వారీలో మిగిలినవారిని మాత్రమే పరీక్షిస్తే అందరూ దిట్టంగానే కనిపిస్తారు. ఊళ్లకు వెళ్లి వెతకాలి. ఖర్చంతా అక్కడే.

ఖనిజ లెక్కలు:
సర్కారు సొమ్మయితే స్వేచ్ఛ ఉంటుందనుకోవడం అమాయకత్వం. భోపాల్ గ్యాస్ బాధితులపై కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనాలు 1994లో ఆగిపోయాయి. పూర్తి నివేదికలు బయటికి రావడానికి మరో పదేళ్లు పైనే పట్టింది. డబ్బు ఎవరిదన్నది ఒక ప్రశ్న. ఎవరి చేతుల మీదుగా వస్తుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. 1980లో పెట్టిన, బోస్టన్‌లోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌కు సగం డబ్బు అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థది, సగం వాహన కంపెనీలది. ఏ పరిశోధనకు ఇవ్వాలో ఇద్దరిలో ఎవరూ చెప్పరు. గాలిలోని సన్నని ధూళికీ మరణాలకూ సంబంధముందన్న 1993 నాటి హార్వర్డ్ అధ్యయనాన్ని పరిశ్రమలు శంకిస్తే, ఈ సంస్థే లెక్కలన్నీ మళ్లీ వేయించి 2000లో ఆ ఫలితం సరైనదేనని తేల్చింది.

మన దగ్గర జిల్లా ఖనిజ నిధి ఉంది. 2015 నుంచి గనుల లీజుదారులు, తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద అదనంగా ఈ నిధికి కడుతున్నారు. పెద్ద ఖనిజాలకు అది రాయల్టీలో 10 నుంచి 30 శాతం. క్వారీ రాయి లాంటి చిన్న ఖనిజాలకు రేటు రాష్ట్రం నిర్ణయిస్తుంది. ఆ నిధి ఖర్చు పెట్టదగిన వాటిలో ఆరోగ్యమూ ఉంది. అందులోంచి ఫెలోషిప్పులు ఇవ్వమని అడగాలి.

పాత మాస్టారు:
అడగండి. కానీ ఆ నిధిని పంచే కమిటీ ముందు రోడ్లు, భవనాల అర్జీలు కుప్పలుగా ఉంటాయి. మీ ఫైలు కదిలేలోపు అమ్మాయి పీహెచ్‌డీ గడువు అయిపోతుంది.

రాతిపొడి:
అందుకే రెండూ చేస్తున్నాను. ఖనిజ నిధికి దరఖాస్తు రాస్తున్నాను. సంఘానికి వేరే ముసాయిదా పంపుతాను: డబ్బు విశ్వవిద్యాలయ ఖాతాలో పడాలి, వ్యాసం మీద 30 రోజుల్లో వ్యాఖ్యలు పంపవచ్చు, మార్చే హక్కు, ఆపే హక్కు లేవు. ఒప్పుకోకపోతే తీసుకోను.

పాత మాస్టారు:
వ్యాఖ్యల దాకా కూడా నాకు సమ్మతం కాదు. ఆ 30 రోజుల్లో గైడుకు ఎన్ని ఫోన్లు వస్తాయో మీకు తెలియదు.

సేఫ్టీ ఆఫీసర్:
ఇంకో షరతు చేర్చండి, ఇది లోపల పనిచేసేవాడిగా చెబుతున్నాను. నమూనాలు ఏ రోజు తీయాలో మీరే నిర్ణయించాలి, ముందుగా చెప్పనక్కర్లేదని రాయించండి. మీరొచ్చే రోజు తెలిసిందంటే తెల్లవారుజాము నుంచే ట్యాంకరుతో నీళ్లు కొట్టిస్తారు, సగం యంత్రాలు ఆపేస్తారు.