రాత్రి పెళ్ళిళ్ళలో కళ్ళ మంట: తప్పు ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌దా, మనం పెట్టుకున్న అమరికలదా?

గాజువాక_ఫొటో:
అందరికీ నమస్కారం. నేను గాజువాక, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ ప్రాంతాల్లో పెళ్ళిళ్ళు తీస్తుంటాను. వయసు నలభై దాటింది, చత్వారమూ మొదలైంది. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా వదిలి, అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారినప్పటి నుంచి, రాత్రి ముహూర్తమైతే తలంబ్రాల వేళకే కళ్ళు మండుతున్నాయి, కనుబొమల పైన తలనొప్పి పట్టుకుంటోంది. కంటికి అంగుళం దూరంలో టీవీ పెట్టుకుని చూస్తే ఇంతేనని, పాత కెమెరాకే వెళ్ళిపొమ్మని తోటి ఫొటోగ్రాఫర్లు కొందరు అంటున్నారు. ఈ ఇబ్బంది ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న తెర) స్వభావంలోనే ఉందా, సరిచేసుకోగలిగినదేనా అన్న విషయంపై మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

కొండకర్ల_ఆవ:
స్వభావంలోనే ఉందన్నది నా వాదన. కొండకర్ల ఆవ సరస్సులో దోనె మీద కూర్చుని పక్షి ఎగిరే క్షణం కోసం కన్ను తీయకుండా ఎదురుచూసేవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో కంటికి చేరేది లెన్సు గుండా వచ్చిన అసలు వెలుతురే. అందులో ఆలస్యం లేదు, బ్యాటరీ ఖర్చూ దాదాపు లేదు. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో మనం చూసేది సెకనుకు 60 సార్లో 120 సార్లో మారే బొమ్మను. పైగా కొన్ని ఓలెడ్ తెరలు కాంతిని తగ్గించడానికి అతివేగంగా వెలిగి ఆరుతుంటాయి, ఆ మినుకు కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. ఏ చక్రం తిప్పినా ఇది పోదు.

కళ్ళజోడు_పరీక్ష:
నేను ఆప్టోమెట్రిస్టును. మినుకు గురించి కొండకర్ల వారు చెప్పింది కొందరి విషయంలో నిజమే. కాని అంగుళం దూరంలో టీవీ అన్న మాట మాత్రం పొరపాటు. ఆ చిన్న తెరకూ మన కంటికీ మధ్య భూతద్దం లాంటి లెన్సు ఉంటుంది కాబట్టి, తెర పక్కనే ఉన్నా బొమ్మ దూరంగా ఉన్నట్లే కన్ను భావిస్తుంది. ఎంత దూరమన్నది వ్యూఫైండర్ పక్కన ఉండే, కంటి పవరుకు తగ్గట్టు తిప్పుకునే డయాప్టర్ చక్రం నిర్ణయిస్తుంది. దూరపు చూపు సరిగా ఉన్న కంటికి −1 దగ్గర పెడితే బొమ్మ సుమారు మీటరు దూరంలో, 0 దగ్గర పెడితే చాలా దూరంలో ఉన్నట్లు లెక్క. చక్రం అవసరానికి మించి మైనస్ వైపు ఉంటే, బొమ్మను స్పష్టం చేయడానికి కంటిలోని కండరం ముహూర్తమంతా బిగిసి ఉండాల్సి వస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి కన్ను ఆ భారం మోసేస్తుంది, అతనికి తెలియనైనా తెలియదు; నలభై దాటిన కన్ను మోయలేదు.

గాజువాక గారూ, లెన్సును తెల్లగోడ వైపు తిప్పి, వ్యూఫైండర్ అడుగున కనిపించే షటర్, అపర్చర్ అంకెలను మాత్రమే చూడండి. ముందు చక్రాన్ని ప్లస్ వైపు చివరిదాకా తిప్పితే అంకెలు అలుక్కుపోతాయి. అక్కడి నుంచి మెల్లగా మైనస్ వైపు తెస్తూ, అంకెలు మొదటిసారి స్పష్టమైన చోటే ఆపేయండి. ఇంకొంచెం తిప్పినా స్పష్టంగానే ఉంటుంది, కాని ఆ స్పష్టత కండరం కష్టపడి తెచ్చినది. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ ఈ పని చేయకూడదు, ఎందుకంటే అప్పుడు లెన్సు ఫోకస్ తప్పిందో చక్రం తప్పిందో తేల్చుకోలేరు.

గాజువాక_ఫొటో:
ఆ చక్రం సంచిలో రాసుకుని తనంతట తానే తిరిగిపోతుండడం నేనూ గమనించాను. అద్దాలు తీసేసి చక్రంతోనే సరిపెట్టుకోవడం మంచిదా?

కళ్ళజోడు_పరీక్ష:
మీ కళ్ళజోడు చీటీలో సిలిండర్ అంకె (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చే పవరు) ఉందో లేదో చూడండి. చక్రం సరిచేసేది గోళాకార పవరును మాత్రమే, సిలిండర్‌ను సరిచేయదు. అది చెప్పుకోదగినంత ఉంటే అద్దాలు పెట్టుకునే చూడాలి. పైన దూరానికి, కింద చదువుకు పవరు ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలైతే ఒక చిక్కుంది: తల పైకెత్తి, కెమెరాను కింది నుంచి కంటికి ఆనిస్తే చూపు అద్దం కింది భాగంలోని చదువు పవరు గుండా పోతుంది, బొమ్మ మసకబారుతుంది. అద్దాలతో మూలలు కనిపించక మొహం కెమెరాకు అదిమిపెట్టేవారు, బొమ్మను చిన్నది చేసే అమరిక కొన్ని బాడీల మెనూలో ఉంటుంది, వెతకండి. ఇక రెండో కన్ను గట్టిగా మూసుకోవడం మానేయండి. కనుబొమల పైన నొప్పికి ఆ బిగింపు కూడా కారణం కావచ్చు.

బీచ్‌రోడ్డు:
కాంతి సంగతి ఎవరూ ఎత్తలేదు, నా దృష్టిలో అదే ముఖ్యం. మధ్యాహ్నం ఆర్.కె. బీచ్‌లో సముద్రపు తళతళకు అలవాటుపడిన కన్ను చీకటి గూడు లాంటి వ్యూఫైండర్‌లోకి దూరి బయటికి వస్తుంటే, ప్రతిసారీ కంటిపాప సర్దుకోవాలి. రాత్రి మండపంలో దీనికి తారుమారు. అందుకే వ్యూఫైండర్ కాంతిని ఆటోకు వదలకుండా, పగలు పెంచి రాత్రి తగ్గించడం మేలు. చీకటిలో కొన్ని కెమెరాలు బొమ్మ వెలుతురుగా కనిపించడానికి ఫ్రేముల వేగాన్ని తగ్గిస్తాయి, కెమెరా కదిలించగానే బొమ్మ ఈడ్చుకుపోయినట్లు కనిపించేది అందుకే. ఫ్లాష్‌తో తీసేవారు ఎక్స్‌పోజర్ ప్రభావాన్ని చూపే అమరికను ఆపేయాలి, లేకపోతే నల్లటి బొమ్మలో పెళ్ళికూతురి మొహం వెతుక్కోవాలి. ఇక వ్యూఫైండర్ మానేసి కెమెరా వెనుక తెర చూస్తూ తీయమని కొందరు ఇచ్చే సలహా చత్వారం ఉన్నవారికి పనికిరాదు. దాన్ని చూడడానికి దగ్గరి అద్దాలు, మండపం చూడడానికి మళ్ళీ తీసేయడం.

కొండకర్ల_ఆవ:
మీరంతా చెప్పినవి మండపానికి సరే. ఫ్రేముల వేగం 120కి పెంచితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, నడి ఆవలో బ్యాటరీ మార్చుకునే తీరిక నాకుండదు. ఒక్క విషయంలో మాత్రం మీ పక్షమే: టెలీ లెన్సుతో సూర్యుడి వైపు తిప్పినప్పుడు డీఎస్ఎల్ఆర్ కంటికే ముప్పు తెస్తుంది, మిర్రర్‌లెస్‌లో ఆ ముప్పు సెన్సరుకు పోతుంది గాని కంటికి రాదు. అయినా గంటల తరబడి కన్ను ఆనించి ఉంచే పనికి నా ఓటు అద్దం ఉన్న కెమెరాకే.

కళ్ళజోడు_పరీక్ష:
గంటల తరబడి రెప్పలు సరిగా వేయకుండా చూస్తే ఏ కెమెరాలోనైనా కన్ను పొడిబారుతుంది, మంటకు అదే పెద్ద కారణం. షాట్‌కూ షాట్‌కూ మధ్య కెమెరా దించి, ఇరవై అడుగులకు పైన ఉన్నదేదైనా కాసేపు చూడండి. గాజువాక గారూ, నొప్పి ఒకే కంటిలో వచ్చి, కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తే మాత్రం అది కెమెరా తగాదా కాదు, గ్లకోమా కావచ్చు. ఆ రోజే నేత్ర వైద్యులకు చూపించండి.

గాజువాక_ఫొటో:
వలయాల బాధ లేదు, నొప్పి రెండు వైపులా ఉంది, చీటీలో సిలిండర్ కూడా ఉంది. వచ్చే ముహూర్తానికి అద్దాలతోనే చక్రం సరిచేసి, కాంతి తగ్గించి తీస్తాను. పాత బాడీని మాత్రం అప్పటిదాకా అమ్మను.